ఇంటికి వచ్చిన ఇగ్వానా

మన తెలుగు గృహములకు బల్లి క్రొత్త చుట్టము కాదు. గోడమీద బల్లి పలుకగానే నేలమీద వ్రేలితో తట్టి "సత్యము" అనుకొను పెద్దలు నేటికిని గలరు. బల్లి మీద పడినచో పంచాంగము తెఱచి ఫలము చూచుకొనుటయు, కంచి వరదరాజస్వామి యాలయమున బంగారు బల్లిని తాకివచ్చినవారిని తాకి దోషపరిహారమైనదని తృప్తి పడుటయు మనమెఱిగినవే. కాని బల్లిజాతి జంతువును వెల పెట్టి కొని తెచ్చి, దానికొక గది కట్టి, పొద్దున లేచి దానికి ఆకుకూర తఱుగు దినములు వచ్చునని మన అమ్మమ్మలు కలలోనైన తలంచియుండరు. ఆ దినములు వచ్చినవి. పెద్ద పట్టణములలో పక్షులను, చేపలను అమ్ము అంగళ్లలో నేడు ఇగ్వానా యను పచ్చని బల్లి పిల్లలు అమ్మకమునకు వచ్చుచున్నవి. బాలురు వానిని చూచి ముచ్చటపడుదురు. తండ్రులు పుట్టినరోజు కానుకగా కొని తెత్తురు. పిమ్మట దాని పోషణభారము ఎవరిపై బడునో సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కావున ఆ భారము నెత్తిన వేసికొనుటకు ముందే తెలిసికొనవలసిన సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము. ఇందు కొన్ని శాస్త్రజ్ఞులు చెప్పినవి. కొన్ని మా యింట మేము కష్టపడి నేర్చికొన్నవి.

ఇది ఏ జంతువు?

ఇగ్వానా మన దేశపు ప్రాణి కాదు. మెక్సికో దేశపు దక్షిణభాగము మొదలు దక్షిణ అమెరికాలోని బ్రెజిలు వఱకు గల వేడి యడవులలో, ఏటి యొడ్డు చెట్లమీద నివసించునది. చెట్టుకొమ్మలే దానికి ఇల్లు. ఆకులే దానికి ఆహారము. అపాయము తోచినప్పుడు కొమ్మమీదనుండి నీటిలోనికి దుమికి యీదుకొని పోవును. దాని గళము క్రింద విసనకఱ్ఱవలె వ్రేలాడు తోలు, వీపు పొడవున ఱంపపు పండ్లవంటి ముండ్లు, చెవి క్రింద నాణెమంత గుండ్రని పొలుసు దీని గుఱుతులు. నడినెత్తిమీద చిన్న పొలుసువలె కనబడు మూడవ కన్ను గూడ గలదు. అది బొమ్మలను చూడలేదు గాని వెలుగునీడలను గ్రహించును. పైనుండి గ్రద్ద నీడ పడినంతనే జంతువు అదరి పరుగెత్తుట దీనివలననే. మనము పైనుండి చేయి చాచి పట్టబోయినను అది గ్రద్దయనియే భయపడును. ప్రక్కనుండి, దానికి కనబడునట్లు, మెల్లగా చేయి చాపవలెను. అప్పుడప్పుడు అది తుమ్మినట్లు చేసి ముక్కునుండి తెల్లని చుక్కలను చిమ్మును. అది జలుబు కాదు. ఒంటిలో నధికమైన ఉప్పును ఆ విధముగ వెడలగొట్టుకొనును.

అంగడిలోని పిల్ల జానెడుండును. అందులోను సగమునకు మించి తోకయే. దానిని చూచి యెవ్వరును భయపడరు. కాని మన సామెత యొకటి గలదు గదా, తొండ ముదిరి ఊసరవెల్లి యైనట్లని. ఈ పిల్ల ముదిరి ఉడుమును మించిన జంతువగును. మూడు నాలుగేండ్లలో నాలుగైదు అడుగుల పొడవు పెరుగును. మగది ఆఱడుగుల వఱకును పెరుగవచ్చును. చక్కగా పోషించినచో పండ్రెండు మొదలు ఇరువది యేండ్ల వఱకు బ్రతుకును. అనగా పదేండ్ల బాలునికి కొని పెట్టిన పిల్ల ఆ బాలుడు చదువు ముగించి, ఉద్యోగమునకై ఊరు విడిచిన పిమ్మటను ఇంటనే యుండునన్న మాట. అప్పుడు దానికి మేత వేయువారు తల్లులే.

మా యింటికి వచ్చిన విధము

మా బంధువుల యింట ఇట్టిదే జరిగినది. ముచ్చటపడి తెచ్చిన పిల్ల మూడడుగులు దాటినది. చేపల తొట్టివంటి గాజుపెట్టెలో అది తిరుగుటకు చోటు చాలలేదు. కొడుకు పై చదువునకు పోయెను. 2021వ సంవత్సరమున వారు దానిని ఒక అట్టపెట్టెలో పెట్టి, కొన్న రసీదుతో సహా మాకు అప్పగించిరి. పెట్టె విప్పి చూచినప్పుడు మాకు జుగుప్స కలుగలేదు, జాలి కలిగినది. క్రింది దవడ రబ్బరువలె మెత్తబడి ప్రక్కకు వంగియుండెను. వెనుక కాళ్లు లావెక్కి, కండపట్టినట్లు కనబడినవి. నిలువలేక పొట్టతో ప్రాకుచుండెను. పట్టుకొన్నప్పుడు వ్రేళ్లు సన్నగా వణకినవి.

కాళ్ల లావును చూచి మేము బలమనుకొంటిమి. పశువైద్యుడు చూచి అది బలము కాదు, ఎముకల జబ్బు అని చెప్పెను. ఎముకలో కాల్షియము తఱిగినప్పుడు దేహము దాని బదులు నారవంటి పదార్థమును చుట్టుకొనును, అదే వాపు. ఆ బంధువులు దానిని ప్రేమతోనే పెంచిరి. రోజును పాలకూర పెట్టిరి, ఉడికించిన గ్రుడ్డు పెట్టిరి, కిటికీ అద్దము ప్రక్కన ఎండ తగులునట్లు ఉంచిరి. ఈ మూడును ప్రేమతో చేసిన పొరపాటులే. వాని నొకటొకటిగ విప్పి చెప్పుట ఈ వ్యాసములోని ముఖ్యాంశము.

అద్దము వెనుకటి ఎండ

ఎండలో మనకు వెలుతురుగా కనబడు భాగము గాక, కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు గలవు. వానిలో 'బి' తరగతికి చెందిన కిరణములు చర్మమును తాకినప్పుడే ఇగ్వానా దేహమున విటమిన్ డి తయారగును. ఆ విటమినున్నగాని తిన్న కాల్షియము ప్రేగులనుండి రక్తమునకు చేరదు. కిటికీ అద్దము వెలుతురును, వేడిని రానిచ్చును గాని ఈ కిరణములను ఆపివేయును. కావున అద్దము వెనుక ఎండ కాచుకొను జంతువు వెచ్చబడును గాని దాని యెముక గట్టిపడదు. గాజుపెట్టెను ఎండలో పెట్టుట యింకను ప్రమాదము. లోపలి వేడి పొయ్యివలె పెరిగి జంతువు కొలది నిమిషములలోనే ప్రాణము విడువవచ్చును.

మన తెలుగుదేశమున ఎండకు కొఱత లేదు. ఉదయపు ఎండలో, ఇనుప వల పంజరమున, సగము నీడ యుండునట్లు ఏర్పరచి ఒక గంట యుంచినచో ఏ దీపమును దానికి సాటి రాదు. నీడ లేని యెండ పనికిరాదు; మన వేసవి మధ్యాహ్నము అడవిబల్లికి గూడ మితిమీరినదే. ఎండలో నుంచుటకు వీలులేనివారు యూవీబీ దీపమను ప్రత్యేకమైన దీపమును పంజరమున వ్రేలాడదీయవలెను. ఆ దీపము వెలుగు ఎప్పటివలె కనబడుచున్నను, దాని కిరణబలము నెలలు గడచినకొలది తగ్గును. దీపపు రకమును బట్టి ఆఱు మొదలు పండ్రెండు నెలల కొకసారి మార్చవలెను. కంటికి వెలుగుచున్నది గదా యని వదలిపెట్టుట పెంపకమునందలి సామాన్యమైన తప్పు.

మేత

ఇగ్వానా పూర్తిగా ఆకుతినెడి ప్రాణి. దాని ప్రేగులలో ఆకును పులియబెట్టి జీర్ణము చేయు సూక్ష్మజీవులు గలవు. గ్రుడ్డు, మాంసము, కుక్కలకు పెట్టు బిస్కట్టులు తిన్నచో ఇష్టముగనే తినును, త్వరగా పెరుగును గూడ; కాని కొన్నియేండ్లలో మూత్రపిండములు చెడును. కావున మాంసాహారము పెట్టని శాకాహారి గృహములలో పెరుగుటకు తగిన జంతువే యని చెప్పవచ్చును. వండిన అన్నము, కూరలు, ఉప్పుకారములు తగిలిన వేవియు పెట్టరాదు.

ఆకులలో గూడ తారతమ్యము గలదు. పాలకూర, చుక్కకూర, బచ్చలి వంటివానిలో ఆక్జాలిక్ ఆమ్లము అధికము. అది కాల్షియమును పట్టి బంధించి దేహమునకు చేరనీయదు. అప్పుడప్పుడు కొలదిగా తినినచో దోషము లేదు. నిత్యమును అదే పెట్టినచో మా ఇగ్వానా గతియే పట్టును. మునగాకు, మల్బరీ ఆకు, మందార ఆకులు, మందార పువ్వులు, లేత ఆవ ఆకు మేలైనవి. వీనికి తోడు తురిమిన గుమ్మడికాయ, సన్నగా తరిగిన బెండకాయ, చిక్కుడుకాయ కలుపవచ్చును. బొప్పాయి, మామిడి మొదలగు పండ్లు రుచికి మాత్రమే, అదియు కొంచెము. ఆహారమునందు భాస్వరమునకు రెండింతలు కాల్షియముండవలెనని వైద్యుల మాట. కావలసినచో వైద్యుని సలహాపై కాల్షియపు పొడిని ఆకులపై చల్లవచ్చును. పెరటి ఆకులైనచో పురుగుమందు కొట్టనివని నిశ్చయించుకొనవలెను. మందార చెట్టుకు మేమెప్పుడు పేనుబంకకు మందు కొట్టించినను ఆ చెట్టు ఆకును నెల దినములు ముట్టము.

మేత ఉదయముననే వేయవలెను. పగటి వెచ్చదనములో తిరిగినగాని అది తిన్నది జీర్ణము గాదు. రాత్రి చల్లబడినప్పుడు పొట్టలోని ఆకు అట్లే నిలిచిపోవును.

నివాసము

పెద్ద ఇగ్వానాకు పొడవు ఆఱడుగులు, ఎత్తు ఆఱడుగులు, వెడల్పు మూడడుగులకు తగ్గని పంజరము కావలెను. ఇది మన బట్టల బీరువాకంటె పెద్దది. ఎత్తు ముఖ్యము, చెట్టుజంతువు నేలమీద నిలిచి మనవైపు తలయెత్తి చూచునప్పుడు ఎల్లప్పుడును బెదరియే యుండును. మన కంటి యెత్తునకు పైన దానికొక అఱ్ఱు ఏర్పరచినచో కొలది దినములలోనే శాంతించును. దాని నడుమంత లావుగల కొమ్మలను గట్టిగా బిగింపవలెను. వల కన్నులు గోరు చిక్కనంత చిన్నవై యుండవలెను.

పంజరమున ఒక కొనను వెచ్చగను, మఱియొక కొనను చల్లగను ఉంచుట అవసరము. ఈ జంతువు తన వేడిని తానే పుట్టించుకొనలేదు. ఎండకు నీడకు నడుమ తిరిగి సరిపఱచుకొనును. వెచ్చని కొమ్మపై 35 డిగ్రీల సెంటిగ్రేడు, నీడవైపు 27 లేక 28 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలకు తగ్గకుండ నుండుట మేలు. కోస్తా జిల్లాలలో చలికాలపు కొన్ని రాత్రులు తప్ప ఇబ్బంది యుండదు. హైదరాబాదు వైపు చలి రాత్రులలో దీపమో హీటరో కావలెను, అదియు వలకు వెలుపల; లోపల పెట్టినచో అంటుకొని కాలును. వేడి చేయు ఱాళ్లని అమ్మునవి కొనరాదు. పొట్ట కాలుచున్నను ఇది లేవక అట్లే పరుండును. గాలిలో తేమయు నుండవలెను. తెలంగాణ, రాయలసీమల పొడిగాలిలో రోజునకు రెండుసార్లు నీరు చిలుకరించి, ఒక వెడల్పు తొట్టిలో నీరుంచవలెను. అది తఱచు ఆ నీటిలోనే మలవిసర్జన చేయును, వెంటనే మార్చవలసినదే.

మేము వడ్రంగిని పిలిపించి మేడమీది గదిలో ఒక గోడ పొడవున పంజరము కట్టించితిమి. దినమునకు ఒక గంట పని, నెలకొకసారి కొమ్మలు కడిగి యెండబెట్టుట, కరెంటు పోయిన చలిరాత్రి వేడినీటి సీసాను గుడ్డలో చుట్టి వలకు వెలుపల ఆనించి పెట్టుట మా వంతు. కాల్షియపు మందు, ఎండ, మునగాకు కలిసి నాలుగైదు నెలలలో దానిని నిలువబెట్టినవి. వాపు తగ్గినది, వణకు పోయినది. దవడ మాత్రము వంకరగనే గట్టిపడి అట్లే నిలిచినది. ఎముక గట్టిపడునే గాని వంకర తీరదని వైద్యుడు ముందే చెప్పియుండెను.

కోడిలేని గ్రుడ్లు

మఱుసటి మాఘమాసమున అది మేత మానెను. పగలంతయు పంజరపు మూలలను గోళ్లతో త్రవ్వుచుండెను. జబ్బు తిరుగబెట్టినదని భయపడి ఎక్స్‌రే తీయింపగా, కడుపునిండ గ్రుడ్లున్నవి. అది ఆడదని మాకప్పుడు తెలిసినది! మగదాని పొత్తు లేకున్నను ఆడ ఇగ్వానా పెరిగినపిమ్మట ఏటేట గ్రుడ్లు పెట్టగలదు. అవి పొదుగవు. త్రవ్వుటకు మన్ను దొరకనిచో గ్రుడ్లు కడుపులోనే నిలిచి ప్రాణాపాయమగును. వైద్యుడు చెప్పినట్లు పెద్ద తొట్టిలో తడి యిసుక, మన్ను కలిపి నింపి, చీకటిగా నుండునట్లు పైన మూతవేసి యుంచితిమి. మూడవ దినమున అది సొరంగము త్రవ్వి ముప్పదికి పైగా తెల్లని, మెత్తని గ్రుడ్లు పెట్టి, పీలగా బయటకు వచ్చి మందారపువ్వు తినెను. మా అత్తగారు అంతవఱకు ఆ గది గడప తొక్కనివారు, ఆ పూట "బాలెంతరాలికి ఆకలి యెక్కువ" అని గుమ్మడికాయ తురిమి యిచ్చిరి. మగదానిని పెంచువారికి వేఱొక కష్టము. జోడు కోరు కాలమున అది నారింజరంగు తిరిగి, అంతవఱకు సాధువైనదే మనుష్యుల మీదికి వచ్చును. దాని పండ్లు ఆకులను కోయుటకైన ఱంపపు పండ్లు. కఱచినచో కుట్లు పడును. తోక దెబ్బయు కొరడా వంటిదే. అయినను తోక పట్టి లాగరాదు, విఱిగి చేతిలోనికి వచ్చును. మఱల మొలచునది మునుపటంత అందముగ నుండదు.

పసిబిడ్డ యున్న యింట

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది. 2023లో మా అమ్మాయి పురిటికి వచ్చుటకు నిశ్చయమైనది. అప్పుడు వైద్యురాలు మమ్ము అడిగిన మొదటి ప్రశ్న యింటిలోని ఈ జంతువును గూర్చియే. బల్లులు, తాబేళ్లు, పాములు ఎంత ఆరోగ్యముగ నున్నను వాని మలమున సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి యుండవచ్చును. జంతువునకు దానివలన బాధ లేదు. మనకు వాంతులు, విరేచనములు, జ్వరము కలిగించును. పసిబిడ్డలలో అది రక్తమునకు, మెదడు పొరలకు గూడ ప్రాకి ప్రాణము మీదికి తెచ్చును. బిడ్డ జంతువును తాకనక్కఱలేదు. తాకినవారి చేతులు, బట్టలు చాలును. చిన్న తాబేళ్లవలన పిల్లలు జబ్బుపడుటచేత అమెరికా దేశమున 1975లోనే నాలుగంగుళములకు తక్కువ చిప్పగల తాబేళ్ల యమ్మకమును నిషేధించిరి. అయిదేండ్లలోపు పిల్లలు, అఱువదియైదేండ్లు దాటిన పెద్దలు, రోగనిరోధకశక్తి తగ్గినవారు ఇట్టి జంతువులకు దూరముగ నుండవలెనని ఆ దేశపు ప్రజారోగ్యశాఖ హెచ్చరించుచున్నది.

ఆ రాత్రి యింట పెద్ద చర్చ జరిగినది. బిడ్డకంటె బల్లి యెక్కువా యని కొందఱు. మూలుగుచు వచ్చిన ప్రాణిని మఱల నెవరి యింటికో తోలుట యెట్లని కొందఱు. ఇద్దఱి మాటయు ధర్మమే. తుదకు పిల్లలు లేని మా మఱది గృహమునకు, ఆ పంజరమును విప్పి బిగించి, దానిని తరలించితిమి. వారికి ఆకుల జాబితాయు, దీపము మార్చవలసిన తేదీయు, వైద్యుని చిరునామాయు వ్రాసి యిచ్చితిమి. మేడమీది గదిని వేడినీటితోను, బ్లీచింగు పొడితోను కడిగించితిమి. మా మనుమడికి అయిదేండ్లు నిండువఱకు అది మఱలి రాదు. విడిచిపెట్టిన దినమున మాకు కన్నీరు వచ్చిన మాట నిజము. చేసిన పనికి పశ్చాత్తాపము లేని మాటయు నిజమే. పసిబిడ్డలుగాని, గర్భిణులుగాని, వృద్ధులుగాని యున్న సోదరీమణులు దీనిని తెచ్చుకొనవద్దని మేము గట్టిగ చెప్పుచున్నాము.

తక్కినవారు సయితము కొన్ని నియమములు తప్పరాదు. వంటయింట దానిని తిరుగనీయరాదు. దాని గిన్నెలను అంట్లతో కలిపి తోమరాదు. తాకిన వెంటనే సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ముద్దుపెట్టుకొనుట, భుజముపై నెక్కించుకొని భోజనము చేయుట మానవలెను. మడికట్టుకొను అలవాటున్న యిండ్లలో ఇందులో నేర్చికొనవలసినది యేమియు లేదు.

చట్టము

ఇగ్వానా వేఱు, మన ఉడుము వేఱు. ఉడుము 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టములో మొదటి షెడ్యూలున చేర్చబడినది. దానిని పట్టుట, పెంచుట, చంపుట, దాని యవయవములను కొనుట, అన్నియు నేరములే. అంగడివాడు ఉడుము పిల్లను చూపి విదేశపు బల్లి యని చెప్పవచ్చును, మోసపోరాదు. ఇగ్వానా వంటి విదేశపు ప్రాణుల విషయమున, 2022లో ఆ చట్టమును సవరించిరి. 2024వ సంవత్సరమున వచ్చిన నియమముల ప్రకారము, అంతర్జాతీయపు ఒడంబడిక జాబితాలోని సజీవజంతువులను ఉంచుకొనువారు కేంద్రప్రభుత్వపు 'పరివేష్' జాలస్థలము ద్వారా రాష్ట్రపు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి తెలిపి నమోదు చేయించుకొనవలెను. చేతులు మారినను, పిల్లలు పుట్టినను, చనిపోయినను తెలుపవలసినదే. కాగితములు లేని జంతువును జాలిచేత గూడ చేర్చుకొనరాదు.

భారమైనదని చెఱువుగట్టున విడిచివచ్చుట మఱియొక మహాపరాధము. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున పెంపుడు జంతువులు తప్పించుకొనియు, విడువబడియు, విపరీతముగ ప్రబలి, తోటలను తిని, కాలువగట్లను త్రవ్వి, తీరని బెడదయైనవి. అచ్చటి ప్రభుత్వము 2021లో వానిని నిషిద్ధజాబితాలో చేర్చినది. చలి యెక్కువైనప్పుడు అవి కొయ్యబారి చెట్లమీదనుండి రాలిపడును; 2020 జనవరిలో వాతావరణశాఖవారు, ఇగ్వానాలు పడవచ్చును జాగ్రత్త యని ప్రజలకు ప్రకటింపవలసి వచ్చెను. వినుటకు వింతగ నుండును గాని, తనది కాని చోట విడువబడిన ప్రాణి దుఃఖమే అందున్నది.

తెచ్చుకొనుటకు ముందు

కావున సోదరీమణులారా, బాలుడు అంగడిలో చేయి పట్టి లాగునప్పుడు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. పదునైదేండ్లు దీనిని పోషింపగలమా? బీరువాకంటె పెద్ద పంజరమునకు ఇంట చోటున్నదా? బల్లిజాతి నెఱిగిన పశువైద్యుడు మన పట్టణమున నున్నాడా? రానున్న యేండ్లలో పసిబిడ్డ తిరుగు ఇల్లా మనది? ఈ నాలుగింటికిని తృప్తికరమైన సమాధానమున్నవారు, అంగడిలోని జానెడు పిల్లను గాక, ఇతరులు పెంచలేక విడిచిన పెద్దదానిని కాగితములతో సహా చేర్చుకొందురు గాక. దాని పరిమాణమును, స్వభావమును ముందే కంటితో చూడవచ్చును. ఒక ప్రాణమును నిలిపిన పుణ్యమును దక్కును. సమాధానము లేనివారు పెరటిలో మందారమొక్క నాటి, దానిపై వ్రాలు తొండను బాలునికి చూపుడు. తొండ యేమి తినును, ఎండలో ఏల తల యాడించును, నీడకు ఎప్పుడు పోవునని గమనింప నేర్పుడు. పంజరమక్కఱలేదు, పట్టుట అక్కఱలేదు.

మొన్న మఱదిగారి యింటికి పోయినప్పుడు అది వెచ్చని కొమ్మమీద కాళ్లు వ్రేలాడదీసి కన్నులు మూసికొనియుండెను. మా గొంతు విని ఒక కన్ను తెఱచి, చూచి, మఱల మూసెను. గుఱుతుపట్టినదో లేదో చెప్పజాలము. ఆ వంకర దవడతోనే మందారపువ్వును మాత్రము మా చేతినుండి తిన్నది.